బొర్రా గుహలకు కుటుంబంతో బయలుదేరే ముందు



గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరుడు రాసిన లేఖ ఈ నెల నా ముందుంది. మూడు కుటుంబాలు, పెద్దలూ పిల్లలూ కలిపి 17 మంది. సెలవులలో విశాఖపట్నం మీదుగా బొర్రా గుహలు, అనంతగిరి అడవి, వీలైతే అరకు లోయ చూసి రావాలని వారి సంకల్పం. ఆయన అడిగినవి మూడు. గుహ లోపల హిందూ సోదరుల ఆరాధనా స్థలం ఉన్నదట, అక్కడికి మనం వెళ్ళవచ్చునా? ప్రయాణంలో నమాజు, భోజనం సంగతి ఎట్లా? ఎన్ని రోజులు కేటాయించుకోవాలి? లేఖ చివర ప్రశ్నగా కాక సమాచారంగా మరొక వాక్యం ఉంది. "అమ్మీజాన్‌కు 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి, కనుక ఆమెను చెల్లెలి ఇంట దించి వెళ్తున్నాము." అడిగిన మూడింటికీ నాకు తెలిసినంత చెబుతాను. అడగని ఆ నాలుగో విషయం దగ్గర కూడా కొంచెం ఆగుతాను.

ముందు ఆ చోటు ఎట్లాంటిదో తెలియాలి. ఏమీ తెలియకుండా వెళ్ళినవాడు చీకట్లో రాళ్ళు చూసి, ఫోటోలు దిగి, ఆకలితో తిరిగి వస్తాడు. బొర్రా గుహలు నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అనంతగిరి మండలంలో ఉన్నాయి. విశాఖపట్నం నుంచి రోడ్డు మార్గాన సుమారు 90 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, గోస్థనీ నది పుట్టే కొండలలో, సున్నపురాయిని నీరు తొలిచి చేసిన గుహలివి. లోతు సుమారు 80 మీటర్లు. పైన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం, దాని కింద గుహ. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960వ దశకంలో వేసిన మార్గమది. రైలు ఎక్కినవారిలో తమ కాళ్ళ కింద అంత పెద్ద బోలు ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే.

ఇక ఆ రాతి స్తంభాలు ఎట్లా ఏర్పడినవి? పిల్లలకు ఇది ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళ్ళండి. అక్కడ గైడు చెప్పే తీరిక ఉండదు, జనం చప్పుడులో వినిపించదు కూడా. వాన నీరు అడవి నేలలోకి ఇంకుతుంది. చెట్ల వేళ్ళు, కుళ్ళిన ఆకులు ఉన్న ఆ మట్టిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దానిని కలుపుకున్న నీటికి కొద్దిపాటి ఆమ్ల గుణం వస్తుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలో దిగుతూ రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. గుహ కప్పును చేరి బొట్టుగా వేలాడినప్పుడు అందులోని వాయువు గాలిలో కలిసిపోతుంది. నీరు ఇక మోయలేని సున్నం రేణువంత అక్కడే అంటుకుంటుంది. అట్లా పైనుంచి కిందికి పెరిగేవి కొన్ని, కింద పడిన బొట్టు నుంచి పైకి పెరిగేవి కొన్ని. ఏళ్ళు గడచి రెండూ కలిస్తే స్తంభం. సాధారణంగా ఇవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటుగా పెరుగుతాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అంటే మన బొటనవ్రేలంత కొన ఏర్పడడానికి కొన్ని వందల ఏళ్ళు. మన తాతల తాతలు పుట్టకముందు మొదలైన బొట్టు అది.

అందుకే అక్కడ చేయి వేయవద్దంటారు. ఇది ఉత్త ఆంక్ష కాదు. మన చర్మం మీది జిడ్డు ఆ తడి రాతికి అంటుకుంటే, తరువాత వచ్చే సున్నం దాని మీద సరిగా పట్టదు. రాయి నల్లబడుతుంది, పెరుగుదల చెడుతుంది. పిల్లవాడు ఒక్కసారి నిమిరితే ఏమవుతుందని తల్లి అనుకుంటుంది. ప్రతి తల్లీ అట్లాగే అనుకుంటే రోజుకు ఎన్ని చేతులో లెక్క వేయండి. విద్యుద్దీపాల దగ్గరి రాతి మీద పచ్చటి పాచి కనిపిస్తుంది, చూడండి. చీకటిలో ఉండవలసిన చోటికి వెలుతురు తెచ్చినందుకు గుహ చెల్లించే మూల్యమది. కొన్ని సంవత్సరాల క్రితం నేను వెళ్ళినప్పుడు రాతి మీద గీకిన పేర్లు చూశాను. అన్ని మతాలవారివీ ఉన్నాయి. మన పేర్లూ ఉన్నాయి. ఒక పేరు కింద హృదయం బొమ్మ కూడా ఉంది. ఆ యువకుడికి ఇప్పటికి పెళ్ళయి పిల్లలు కూడా ఉండవచ్చు. వారిని తీసుకువచ్చి ఆ రాయి చూపిస్తాడో లేదో!

పై లెక్కలో గమనించవలసింది ఒకటున్నది. గుహకు ప్రాణం పైనున్న అడవి. చెట్లు పోతే మట్టి కొట్టుకుపోతుంది, మట్టి పోతే నీటికి ఆ గుణం రాదు, బొట్టు ఆగిపోతుంది. కనుక ఇవి రెండు వేర్వేరు దర్శనీయ స్థలాలు కావు. ఈ అడవిని గనుల నుంచి కాపాడడానికి పెద్ద న్యాయపోరాటమే జరిగింది. అనంతగిరి మండలంలో, బొర్రా పంచాయతీ గ్రామాలలో, కాల్సైట్ వంటి ఖనిజాల తవ్వకానికి గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చారు. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ దానిని న్యాయస్థానంలో ప్రశ్నించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులలో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఒక పక్షం, జస్టిస్ జి.బి. పట్నాయక్ భిన్నాభిప్రాయం. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ చెబుతున్నాయి. ఏజెన్సీలో '1/70 చట్టం' అని అందరూ పిలిచేది దానినే. ఆ నిషేధం ప్రభుత్వ భూమికీ వర్తిస్తుందని, గనుల లీజు కూడా బదిలీయేనని న్యాయస్థానం నిర్ణయించింది. దేశమంతటా గిరిజన భూముల వ్యాజ్యాలలో నేటికీ ఉదహరించే తీర్పు ఇది. కొండదొర, నూకదొర, పోర్జ, జాతాపు కుటుంబాలు ఆ కొండలలో తమ పొలాల మీద నిలిచి ఉన్నాయంటే అందులో ఆ కాగితం పాత్ర ఉన్నది. మీరు జీపు ఎక్కినా, మొక్కజొన్న కంకి కొన్నా, కాఫీ తాగినా ఆ ఇళ్ళవారితోనే మీకు పని. బేరమాడే ముందు ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి.

ఇక మొదటి ప్రశ్న. గుహ లోపల నీటి బొట్లతో ఏర్పడిన ఒక రాతిని శివలింగంగా భావించి స్థానికులు పూజిస్తారు. మహాశివరాత్రికి చుట్టుపక్కల గ్రామాల నుంచి జనం తరలివస్తారు. దైవసృష్టిని చూడడానికి గుహలోకి వెళ్ళడంలో దోషమేమీ లేదు. ఆరాధన జరిగే చోట మనం పాల్గొనము, అంతే. పక్కకు తప్పుకొని దారి ఇవ్వండి. అక్కడ నిలబడి ఫోటోలు, వ్యాఖ్యలు, చిరునవ్వులు వద్దు. పిల్లలు ఏదైనా అంటే అక్కడే గద్దించక, చేయి పట్టుకొని ముందుకు నడిపించి, బయటికి వచ్చాక నెమ్మదిగా చెప్పండి. గైడు దీపం వేసి ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది మనిషి మెదడు, ఇది మొసలి అని చూపిస్తాడు. అది అతని వృత్తి, దానిమీద తర్కం చేయనవసరం లేదు. నా మట్టుకు నాకు, అతడు చెప్పకముందే పిల్లలను 'నీకేమి కనిపిస్తున్నది?' అని అడగడం ఇష్టం. శివరాత్రి రోజులలో రద్దీ విపరీతం. అది వారి పండుగ. మీ ప్రయాణం మరొకప్పుడు పెట్టుకోవడం ఇద్దరికీ సౌకర్యం.

కాలం సంగతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా, పొగమంచుతో బాగుంటుంది. జనం కూడా అప్పుడే ఎక్కువ. డిసెంబరు సెలవులలో శని ఆదివారాలు తప్పించగలిగితే సగం కష్టం తప్పుతుంది. వర్షాకాలంలో గుహ సజీవంగా ఉంటుంది, ప్రతి కొన నుంచీ నీరు జారుతుంది. అయితే మెట్లు కూడా జారుతాయి. కొండచరియలు విరిగి రైలు మార్గం నిలిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబానికి వానాకాలం నేను సలహా ఇవ్వను.

విశాఖపట్నం నుంచి ఉదయమే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు సుమారు మూడు గంటలలో బొర్రా గుహలు స్టేషనుకు చేరుతుంది. ఈ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయంటారు. పిల్లలకు లెక్కపెట్టే పని అప్పగించండి, ఫోను అడగరు. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉన్నది. దాని టికెట్లు త్వరగా అయిపోతాయి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు కనుక 17 మందికి కావాలంటే ఆ రోజునే చూసుకోవాలి. రైలులో వెళ్ళి రోడ్డు మార్గాన దిగి రావడం మేలు. రెండు దృశ్యాలూ దక్కుతాయి. ఘాట్ రోడ్డు మలుపులలో కొందరికి వాంతులవుతాయి. బయలుదేరే ముందు కడుపునిండా తినిపించకండి. మందులు, సంచులు చేతికందేటట్లు ఉంచండి. గుహ సాధారణంగా ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు తెరచి ఉంటుంది, మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది. ముందురోజు పర్యాటక శాఖవారిని అడిగి వేళలు, రుసుము ఖాయం చేసుకోండి. కొండమీద ఫోను సంకేతం నమ్మదగింది కాదు, నగదు కొంత దగ్గర ఉంచుకోవాలి. ఒక్క రోజులో గుహలు, కటికి జలపాతం, అరకు అన్నీ చుట్టేద్దామనే వారున్నారు. బొర్రా నుంచి అరకు మరొక 36 కిలోమీటర్లు. పిల్లలతో అది పరుగే తప్ప ప్రయాణం కాదు. రెండు పగళ్ళు, ఒక రాత్రి పెట్టుకోండి. అప్పుడు కూడా జలపాతం మానుకోవలసి వస్తే మానుకోండి.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) బోధించారు. 17 మందికి ఈ అవసరం ఎంతో ఊహించండి. వయసులో పెద్దవాడే కానక్కరలేదు. ఓపికగా వినేవాడు, తలలు లెక్కపెట్టే అలవాటున్నవాడు చాలు. గుహలోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి లెక్క. లోపల దారి మలుపుల్లో పిల్లవాడు కనబడకపోతే తల్లి గుండె ఏమవుతుందో చెప్పనవసరం లేదు. ఒక్కొక్క చిన్నపిల్లవానికి ఒక్కొక్క పెద్దవారిని ఇంటి దగ్గరే జత చేయండి.

నమాజు విషయం కష్టమేమీ కాదు. హనఫీ విద్వాంసులు మన దేశంలో సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఖస్ర్‌కు హద్దుగా చెబుతారు. గుంటూరు నుంచి వచ్చేవారికి సందేహమే లేదు. జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల ఫర్జ్ రెండేసి రకాతులు. విశాఖ నగరంలోనే ఉండేవారు మాత్రం నగరపు పొలిమేర నుంచి దూరం లెక్కించి తమ ఇమాము గారిని అడగడం మంచిది. ఫజ్ర్ స్టేషనుకు రాకముందే ముగించండి. జుహ్ర్ వేళకు గుహ నుంచి బయటికి వచ్చే విధంగా చూసుకుంటే హడావుడి ఉండదు. గుహ లోపల దారికి అడ్డంగా వరుస కట్టవద్దు. బయట చెట్ల కింద కావలసినంత స్థలం ఉంది. ఖిబ్లా అక్కడ పడమరకు కొద్దిగా ఉత్తరపు మొగ్గు. వుజూకు మనిషికి లీటరు సీసా ఒకటి ఎక్కువే. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసులలో ఉన్నది. ఇంట్లో కొళాయి తిప్పి వదిలేసే మనకు కొండ మీద ఈ సున్నతు నేర్చుకునే అవకాశం దొరుకుతుంది.

భోజనం. ఖుర్ఆన్‌లోని కహఫ్ అధ్యాయం మన ఇళ్ళలో ప్రతి శుక్రవారం చదువుతారు. ఆ గుహవాసులు మేల్కొన్న తరువాత వెండి నాణెం ఇచ్చి ఒకరిని పట్టణానికి పంపుతారు. పరిశుద్ధమైన ఆహారం ఏదో చూసి తెమ్మని, మృదువుగా మెలగమని చెప్పి పంపుతారు. ఆహారం గురించి జాగ్రత్త, మాటలో మృదుత్వం, రెండూ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. మనవారు తరచు మొదటిదే పాటిస్తారు. బొర్రా దగ్గర, అరకు దారిలో బొంగు చికెన్ ప్రసిద్ధి. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిని కూరి నిప్పుల మీద కాలుస్తారు, నూనె వాడరు. వాసనకు పిల్లలు ఆగరు. జిబహ్ సంగతి తెలియనప్పుడు మనం తినము. అయితే అమ్మే స్త్రీని నలుగురిలో నిలదీసి, ఆమె వంటలో ఏదో మాలిన్యం ఉన్నట్టు మాట్లాడడం తగదు. మీ బృందంలో జిబహ్ తెలిసినవారుంటే, 'కోడిని మేమే కోసి ఇస్తాము, మీరు వండి ఇస్తారా' అని మర్యాదగా అడగండి. ఒప్పుకుంటే సంతోషం. లేదంటే కాల్చిన మొక్కజొన్న, గుడ్లు, పండ్లు ఉన్నాయి.

ఇంటి నుంచి తీసుకువెళ్ళేవారు ఒక మాట వినాలి. విహారానికి వెళ్ళిన కుటుంబాలలో నేను చూసినది ఏమిటంటే, మగవారు కొండలు చూస్తారు, ఆడవారు టిఫిన్ డబ్బాలు చూస్తారు. రాత్రి రెండు గంటలకు లేచి 17 మందికి పరాఠాలు చేసిన కోడలు రైలులో నిద్రపోక ఏమి చేస్తుంది? 58 సొరంగాలలో ఆమె ఒక్కటీ చూడదు. రొట్టె, ఉడికించిన గుడ్లు, ఖర్జూరాలు, అరటిపండ్లు ఒక పూటకు చాలు. మరో పూట అన్నం, పప్పు కొనుక్కోండి. పిల్లల్ని కనిపెట్టడం, సామాను మోయడం మగవారు పంచుకోవాలని వేరే చెప్పాలా?

అడవిలో మనం అతిథులం. నిప్పు రాజేయవద్దు, కొమ్మ విరవవద్దు, కోతులకు బిస్కట్లు వేయవద్దు. మీరు వేసిన బిస్కట్టు రుచి మరిగిన కోతి తరువాత వచ్చే పిల్లవాని చేతిలోది లాక్కుంటుంది. గుహ కప్పుకు గబ్బిలాలు ఉంటాయి. అరిచి, దీపాలు కొట్టి వాటిని లేపవద్దు. దారిలోనూ, జనం కూర్చునే నీడలోనూ మలమూత్ర విసర్జన చేసి శాపానికి గురికావద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నా ఉద్దేశంలో వాడి పారేసిన పిల్లల డైపర్లకు కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది. ఒక సంచిలో మూటగట్టి విశాఖ దాకా తెచ్చి పారవేయండి. రాత్రి దారి పక్కన వాహనం ఆపి పడుకునే ఆలోచన ఉంటే మానుకోండి. రాత్రివేళ దారులు జంతువులు, విషప్పురుగులు సంచరించే చోటులు కనుక వాటికి దూరంగా విడిది చేయమని హదీసులోనే ఉన్నది. ఏజెన్సీలో మలేరియా భయం పాతది. నిండు చేతుల దుస్తులు, దోమల మందు, దోమతెర మరచిపోవద్దు.

చివరగా అమ్మీజాన్ సంగతి. గుహలో దిగి ఎక్కవలసిన మెట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని చోట్ల తడి, కొన్ని చోట్ల వంగి నడవాలి. 72 ఏళ్ళ మోకాళ్ళకు అది తగదు, ఆ మాట నిజమే. కానీ గుహ లోతు దాకా దిగలేకపోవడం వేరు, ప్రయాణానికే రాలేకపోవడం వేరు. రైలు కిటికీ దగ్గర కూర్చోవడానికి మోకాళ్ళు అడ్డురావు. గుహముఖం దగ్గర కప్పు ఎత్తుగా, పగటి వెలుతురు పడుతూ ఉంటుంది. అక్కడికి నెమ్మదిగా చేరగలిగితే చాలా భాగం అక్కడినుంచే కనిపిస్తుంది. అదీ కుదరకపోతే బయట చెట్ల నీడ, కొండగాలి ఉన్నాయి. రాత్రి బసకు కింది అంతస్తు గది ముందే అడిగి ఉంచండి. సామానుతో ఒక వాహనాన్ని రోడ్డు మార్గాన పంపితే, అలసినప్పుడు ఆమెకు అది అక్కరకు వస్తుంది. ఆమెతో ఆగేవారు మాత్రం ప్రతిసారీ కోడలే కాకూడదు. కొడుకులు వంతులు వేసుకోవాలి. మొదటి వంతు పెద్దవాడిది. మొదటి బృందం బయటికి వచ్చాక అతడు రెండో బృందంతో లోపలికి వెళ్ళవచ్చు. గుహ ఎక్కడికీ పోదు.

ఆమె రానంటారేమో. చెల్లెలి ఇంట ఉండడమే ఆమెకు ఇష్టమేమో. అది ఆమె నోట రావాలి. మీ లేఖలో 17 మంది అభిప్రాయాలు ఉన్నాయి, ఆమెది లేదు. మీ తండ్రి గారు జీవించి ఉండగా ఆమె ఎన్ని ఊళ్ళు చూశారో నాకు తెలియదు, మీకు తెలుసు. ఈ శుక్రవారం జుమా తరువాత ఆమె దగ్గర కూర్చొని, మెట్ల సంగతి దాచకుండా, రైలు సంగతి కూడా దాచకుండా చెప్పి అడగండి. టికెట్లు 17 తీయాలా, 18 తీయాలా అన్నది ఆ తరువాత నిర్ణయించుకోండి.